టమోటా గుజ్జు నుంచి కరివేపాకు దాకా: మైక్రోవేవ్ వేడితో ఆహారాన్ని నిల్వకు సిద్ధం చేసుకునే విధానం

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె మార్కెట్లలో టమోటా ధర పడిపోయిన వారాల్లో తిరుపతి, చిత్తూరు ఇళ్లలోకి కూడా పండ్లు బుట్టలకొద్దీ వచ్చి చేరతాయి. తోతాపురి మామిడి కోతల కాలంలో చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలబడి ఉండగానే, పెరట్లో రెండు చెట్లున్న వారికి కూడా పండిన కాయలను ఏం చేయాలో తోచని పరిస్థితి ఎదురవుతుంది. వంటింట్లో ఉన్న మైక్రోవేవ్ ఓవెన్‌ను చాలామంది మిగిలిన కూర వేడి చేసుకోవడానికి మాత్రమే వాడుతున్నారు. ఆహారాన్ని అతి త్వరగా వేడెక్కించగల ఆ యంత్రాన్ని సరైన పద్ధతిలో వాడుకుంటే గుజ్జు చిక్కగా నిలుస్తుంది, ఆకు పచ్చగా ఉంటుంది, రవ్వకు పట్టిన పురుగు చస్తుంది. అయితే ఆ వేగం వెంట ఒక ప్రమాదం కూడా ఉంది. మైక్రోవేవ్ వేడి గిన్నెలో అన్ని చోట్లకూ సమానంగా చేరదు కాబట్టి, పైన పొగలు కక్కుతున్న పదార్థం మధ్యలో గోరువెచ్చగానే ఉండిపోవచ్చు. గిన్నెలో అన్నిటికంటే చల్లగా ఉన్న చోటు ఎక్కడుందో కనిపెట్టి, అక్కడికి తగినంత వేడి చేరిందని రుజువు చేసుకోవడమే ఈ పనిలో అసలు నేర్పు.

వేడి పుట్టే తీరు

ఇళ్లలోని ఓవెన్లు 2,450 మెగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తాయి. సెకనుకు 490 కోట్ల సార్లు దిశ మార్చుకునే ఆ విద్యుత్ క్షేత్రంలో నీటి అణువులు తిరగడానికి ప్రయత్నిస్తాయి, ఉప్పులోని అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, అటూ ఇటూ కదులుతాయి, ఆ కదలికే వేడిగా మారుతుంది. పొయ్యి మీద గిన్నె అడుగు ముందు కాగి, ఆ వేడి మెల్లగా పైకి పాకుతుంది. మైక్రోవేవ్‌లో మాత్రం పదార్థం లోపలే వేడి పుడుతుంది కాబట్టి అడుగు మాడే బాధ తక్కువ, పట్టే సమయమూ తక్కువ. కానీ నీరు ఎక్కువగా ఉన్న ఆహారంలో ఈ తరంగాలు ఒకటి రెండు సెంటీమీటర్ల లోతు దాటేసరికి చాలావరకు బలహీనపడతాయి. అంతకంటే లోపలి భాగానికి వేడి మామూలు పద్ధతిలోనే, నెమ్మదిగా చేరవలసి ఉంటుంది. ఉప్పు కలిపితే తరంగాలు పైపొరలోనే మరింతగా ఇంకిపోతాయి. అందుకే కింద చెప్పే ఏ పద్ధతిలోనైనా ఉప్పును చివరలోనే కలపాలి, గిన్నెలో పదార్థం మందం నాలుగైదు సెంటీమీటర్లు మించకూడదు.

మొదటి పని: ఓవెన్ అసలు శక్తిని కొలవడం

వంటల పుస్తకాల్లో ఇచ్చే నిమిషాల లెక్క మీ ఓవెన్‌కు సరిపోతుందని అనుకోవద్దు. పెట్టె మీద రాసిన వాట్లకూ, గిన్నెలోకి నిజంగా చేరే శక్తికీ తేడా ఉండవచ్చు. పాత ఓవెన్లలో, వోల్టేజి తగ్గే వేళల్లో ఈ తేడా మరింత పెరుగుతుంది. దీన్ని తెలుసుకోవడానికి ఒక లీటరు మామూలు నీటిని గాజు గిన్నెలో పోసి, కలిపి, థర్మామీటరుతో ఉష్ణోగ్రత చూసుకోవాలి. ఓవెన్‌ను పూర్తి శక్తి మీద సరిగ్గా 60 సెకన్లు నడిపి, వెంటనే నీటిని బాగా కలిపి మళ్లీ చూడాలి. పెరిగిన డిగ్రీలను 70తో గుణిస్తే దాదాపుగా వాట్లు వస్తాయి. నీరు 28 డిగ్రీల నుంచి 38 డిగ్రీలకు చేరితే మీ ఓవెన్ 700 వాట్లు అందిస్తోందని అర్థం. లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4,187 జౌళ్ల శక్తి కావాలి, దాన్ని 60 సెకన్లతో భాగిస్తే ఆ 70 వస్తుంది.

ఈ లెక్కతోనే సమయాన్ని కూడా ముందుగా అంచనా వేయవచ్చు. కిలో టమోటాలను 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు తేవడానికి సుమారు 240 కిలోజౌళ్లు కావాలి కాబట్టి, 700 వాట్ల ఓవెన్‌లో లెక్క ప్రకారం ఆరు నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. ఆవిరిగా పోయే వేడినీ, గిన్నె పీల్చుకునే వేడినీ కలుపుకుంటే ఏడెనిమిది నిమిషాలు అవుతుంది. అరకిలోకు అందులో సగం చాలు. ఇది అంచనా మాత్రమే. తుది మాట ఎప్పుడూ థర్మామీటరుదే.

గిన్నెలు, థర్మామీటరు

మన ఇళ్లలో పాత్రలు చాలావరకు స్టీలువే కాబట్టి ఈ పనికి ప్రత్యేకంగా వేడికి తట్టుకునే వెడల్పాటి గాజు గిన్నెను పెట్టుకోవడం అవసరం. మెలమైన్ పళ్లేలు, బంగారు అంచు ఉన్న పింగాణీ, ఐస్‌క్రీమ్ డబ్బాలు, పార్సిల్ డబ్బాలు పనికిరావు. గుండ్రటి వెడల్పు గిన్నెలో ముక్కలను అంచు వెంబడి వలయంలా పేర్చి మధ్య భాగాన్ని ఖాళీగా వదిలితే, చల్లటి చోటు సమస్య సగం తీరుతుంది. మూతను బిగించకుండా, ఆవిరి పోయేలా వదులుగా పెట్టాలి.

థర్మామీటరు విషయంలో మాత్రం రాజీ పడవద్దు. లోపలికి గుచ్చి చూసే పొడవాటి ముల్లు ఉన్న డిజిటల్ థర్మామీటరు కొనండి. దూరం నుంచి గురిపెట్టి చూసే రకం పైపొర వేడిని మాత్రమే చూపిస్తుంది కాబట్టి ఈ పనికి అది మోసం చేస్తుంది. ఓవెన్ నడుస్తున్నప్పుడు థర్మామీటరును లోపల ఉంచకూడదు. ప్రతిసారీ ఆపి, కలిపి, మధ్యలోనూ అడుగునా అంచుల్లోనూ నాలుగైదు చోట్ల గుచ్చి చూసి, వచ్చిన అంకెల్లో అన్నిటికంటే తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. సగటు తీయడం ఇక్కడ పెద్ద పొరపాటు. సూక్ష్మజీవులు బతికి బయటపడేది ఆ చల్లటి చోటులోనే.

టమోటా గుజ్జు

మైక్రోవేవ్ వేగం వల్ల ఎక్కువ మేలు కలిగేది టమోటాకే. టమోటాను కోసిన క్షణం నుంచి, నలిపితే ఇంకా త్వరగా, దానిలోని కొన్ని ఎంజైములు పెక్టిన్‌ను విరగ్గొట్టడం మొదలుపెడతాయి. పెక్టినే గుజ్జుకు చిక్కదనం ఇచ్చేది. పచ్చి టమోటాలను మిక్సీలో వేసి, తర్వాత పొయ్యి మీద నెమ్మదిగా కాచితే, వేడి ఎక్కేలోపే ఎంజైములు తమ పని చాలావరకు చేసేస్తాయి. అప్పుడు సీసాలో పైన నీరు, కింద ముద్ద విడివిడిగా తేలతాయి. ఫ్యాక్టరీల వాళ్లు టమోటాను నలిపిన వెంటనే 90 డిగ్రీల దాకా వేడెక్కిస్తారు. దీన్ని హాట్ బ్రేక్ అంటారు. పండును నలపకముందే వేడెక్కించగలగడం ఇంటి మైక్రోవేవ్‌కు ఉన్న సౌకర్యం కాబట్టి, ముందు వేడి, తర్వాత నలపడం అనే వరుసను తప్పకుండా పాటించాలి.

పండిన, గట్టిగా ఉన్న, బూజు గానీ పగుళ్లు గానీ లేని టమోటాలను మాత్రమే ఏరుకోవాలి. కుళ్లిన భాగాన్ని కోసి పారేసి మిగతాది వాడుకుందామని అనుకోవద్దు, ఎందుకంటే బూజు పండులోని ఆమ్లాన్ని తగ్గించి నిల్వను ప్రమాదంలో పడేస్తుంది. కడిగి ఆరబెట్టిన పండ్లను 500 నుంచి 700 గ్రాముల చొప్పున విడివిడి వాయిలుగా చేసుకోవాలి. ఓవెన్ దగ్గర అంతా సిద్ధంగా ఉన్నాకే ముచ్చికలు తీసి, పండును రెండు చెక్కలుగా కోసి, కోసిన వైపు కిందకు వచ్చేలా గిన్నెలో వలయంగా పేర్చాలి. పండును కోయకుండా పెడితే లోపలి ఆవిరికి అది పేలుతుంది. కోసి పక్కన పెట్టి వేరే పనిలో పడితే ఎంజైములకు కావలసినంత సమయం దొరుకుతుంది.

పూర్తి శక్తి మీద రెండు నిమిషాలు నడిపి, వలయంలో లోపలి వైపు ఉన్నవి అంచుకు, అంచువి లోపలి వైపుకు మార్చి, మళ్లీ ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు నడపాలి. అన్ని చోట్లా 90 డిగ్రీలు దాటే వరకు అరనిమిషం చొప్పున పెంచుకుంటూ పోవాలి. దాటిన తర్వాత మూత పెట్టి రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే వేడి ముక్కల లోపలికి సర్దుకుంటుంది. తర్వాత పప్పుగుత్తితో మెదిపి, జల్లెడలో వేసి తొక్కలు, గింజలు వేరు చేయాలి. మరుగుతున్న గుజ్జును మిక్సీ జారులో వేసి మూత బిగించకూడదు, ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చేతులూ ముఖమూ కాలే ప్రమాదం ఉంది.

ఇప్పుడు పులుపు సంగతి. నాలుకకు పుల్లగా తగిలినా టమోటా పీహెచ్, అంటే పులుపును కొలిచే అంకె, 4.6కు అటూ ఇటూగానే ఉంటుంది. పీహెచ్ 4.6 కంటే తక్కువగా, అంటే పులుపు ఎక్కువగా ఉన్న చోట, ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేసే బొటులినమ్ సూక్ష్మజీవి పెరగలేదు. ఆ గీత దాటితే గాలి చొరబడని సీసా దానికి అనువైన చోటవుతుంది. అందుకని లీటరు గుజ్జుకు అర టీ స్పూను చొప్పున నిమ్మ ఉప్పును (సిట్రిక్ యాసిడ్) తప్పనిసరిగా కలపాలి. చింతపండు, పెరుగు, వెనిగర్ చుక్కలు దీనికి ప్రత్యామ్నాయం కావు. మామూలు ఉప్పు రుచికి మాత్రమే, అది ఇష్టాన్ని బట్టి వేసుకోవచ్చు.

గుజ్జును ఇంకా చిక్కబరచాలనుకుంటే మైక్రోవేవ్‌ను పక్కన పెట్టి పొయ్యి దగ్గరకు వెళ్లడం మంచిది. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,257 కిలోజౌళ్ల శక్తి పడుతుంది. అంటే 700 వాట్ల ఓవెన్ దాదాపు 54 నిమిషాలు ఆగకుండా నడవాలి. వేడెక్కించడంలో ఈ యంత్రం చురుకైనదే గానీ నీటిని ఇంకించడానికి కరెంటు దండగ. తిరుపతి ఎండలో పళ్లెంలో పరిచి, పైన పలుచటి గుడ్డ కప్పి ఆరబెట్టే పాత పద్ధతి ఆ పనికి ఎంతో మేలు.

గుజ్జును నిల్వ చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది డీప్ ఫ్రీజర్. గుజ్జును మళ్లీ 90 డిగ్రీలకు తెచ్చి, గిన్నెను చల్లటి నీటి తొట్టెలో పెట్టి త్వరగా చల్లార్చి, ఒక పూట కూరకు సరిపడా సంచుల్లో పలుచగా పరిచి గడ్డకట్టించాలి. అందరికీ నేను సిఫారసు చేసేది ఈ దారినే. రెండవది గది వాతావరణంలో సీసాల నిల్వ. దీనికి మైక్రోవేవ్ ఒక్కటే చాలదు. వేడి గుజ్జును మరిగే నీటిలో శుభ్రపరచిన గాజు సీసాల్లో, పైన ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ వదిలి నింపి, లోపల రబ్బరు పొర ఉన్న లోహపు మూత పెట్టి, పొయ్యి మీద పెద్ద గిన్నెలో మూతల పైన మరో రెండున్నర సెంటీమీటర్లు నీరు నిలిచేలా ముంచి మరిగించాలి. నీరు తెర్లడం మొదలైన తర్వాత నుంచి అర లీటరు సీసాలకు 35 నిమిషాలు, లీటరు సీసాలకు 45 నిమిషాలు లెక్కపెట్టాలి.

ఈ లెక్క తిరుపతికి సరిపోతుంది. మదనపల్లె, పలమనేరు ప్రాంతాలు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి, అక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి మరో అయిదు నిమిషాలు కలపాలి. చిత్తూరు పట్టణం కూడా 300 మీటర్లకు పైనే ఉంది గనుక అక్కడి వారు ఆ అయిదు నిమిషాలు కలుపుకోవడమే క్షేమం. సీసాలను మైక్రోవేవ్‌లో పెట్టి మూత బిగించి వేడి చేయడం మాత్రం ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు.

మామిడి గుజ్జు

తోతాపురికి పీచు తక్కువ, కండ ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీలు దాన్ని కోరుకుంటాయి. ఇంట్లో కూడా అదే కారణంగా పని సులువవుతుంది. పూర్తిగా మాగిన పండ్ల తొక్క తీసి, టెంక చుట్టూ ఉన్న కండను ముక్కలుగా కోసి, మెదిపి, వెడల్పు గిన్నెలో పలుచగా పరచాలి. మామిడి గుజ్జు చిక్కనిది కావడం వల్ల ఆవిరి బుడగలు అడుగున చిక్కుకుని ఒక్కసారిగా చిమ్ముతాయి. అందుచేత పూర్తి శక్తికి బదులు డెబ్భై శాతం మీద, ప్రతి 45 సెకన్లకు ఒకసారి ఆపి, అడుగు నుంచి పైకి తిరగేస్తూ కలపాలి. అన్ని చోట్లా 90 డిగ్రీలు వచ్చాక ఒక నిమిషం అదే వేడిలో ఉంచితే, రంగును నల్లబరిచే ఎంజైములు అణగిపోయి గుజ్జు పసుపుదనం నిలుస్తుంది. ఎక్కువసేపు కాచితే పచ్చి పండు పరిమళం పోయి జామ్ వాసన మొదలవుతుంది. ఇక్కడ తొందరగా ముగించడమే రుచిని కాపాడుతుంది.

బాగా మాగిన మామిడిలో పులుపు తగ్గిపోతుంది, దాని పీహెచ్ 4.6 దాటే అవకాశం కూడా ఉంది. లీటరుకు అర టీ స్పూను నిమ్మ ఉప్పు కలిపినా, ఇంట్లో చేసిన మామిడి గుజ్జును ఫ్రీజర్‌లోనే ఉంచాలి, బయట సీసాల్లో నిల్వ చేయకూడదు. ఫ్యాక్టరీలో ప్రతి ఘాణకూ పీహెచ్ మీటరుతో కొలిచి, సూక్ష్మజీవరహితం చేసిన సంచుల్లోకి గాలి తగలకుండా నింపుతారు. ఆ ఏర్పాటు వంటింట్లో సాధ్యం కాదు.

కరివేపాకు, రవ్వ

కరివేపాకును కడిగి, ఆకులు దూసి, తడి పూర్తిగా ఆరిన తర్వాత రెండు తెల్లటి టిష్యూ కాగితాల మధ్య ఒకే వరుసగా పరిచి, 30 సెకన్ల చొప్పున నడపాలి. సాధారణంగా మొత్తం రెండు మూడు నిమిషాల్లో ఆకు చేతిలో గలగలలాడి పొడి అవుతుంది. ఎండలో వారమంతా పడి ఉన్న ఆకు కంటే ఇది పచ్చగా, వాసనగా ఉంటుంది. పాత వార్తాపత్రికలను వాడితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ఓవెన్ మూలన ఒక కప్పు నీరు పెట్టడం, పని ముగిసేదాకా అక్కడే నిలబడి చూడడం తప్పనిసరి, ఎందుకంటే తడి పోయిన ఆకు నిమిషంలోపే మాడిపోగలదు. మునగాకుకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

బొంబాయి రవ్వ, గోధుమ రవ్వల్లో పురుగు పట్టకుండా ఉండాలంటే కంటికి కనిపించని గుడ్లను చంపాలి. 60 డిగ్రీల వేడిలో కొద్ది నిమిషాలుంటే గుడ్లు, లార్వాలు, పెద్ద పురుగులు అన్నీ చస్తాయి. పావు కిలో రవ్వను పళ్లెంలో పలుచగా పరిచి, 20 సెకన్లకోసారి ఆపి కలుపుతూ, ప్రతి చోటా 60 డిగ్రీలు దాటించి, గుడ్డ కప్పి అయిదు నిమిషాలు ఉంచాలి. తర్వాత పూర్తిగా చల్లారనిచ్చాకే డబ్బాలో పోయాలి, లేకపోతే మూతకు పట్టిన ఆవిరి చెమ్మగా దిగి బూజు తెస్తుంది. విత్తనానికి ఉంచుకున్న వేరుశనగ, కందులను ఇలా వేడి చేస్తే మొలక చచ్చిపోతుంది. బూజు పట్టిన వేరుశనగ గింజలను ఎంత వేయించినా వాటిలోని అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పూర్తిగా పోదు కాబట్టి, మైక్రోవేవ్ వేడితో వాటిని బాగుచేసుకోవచ్చన్న ఆశ పెట్టుకోవద్దు. వాటిని పశువులకు కూడా వేయకండి.

వంటింట్లో చేయకూడనివి

పప్పు, సాంబారు, మాంసం కూర, పుట్టగొడుగులు, బీన్స్ వంటి పులుపు లేని పదార్థాలను గది వాతావరణంలో నిల్వ ఉంచాలంటే బొటులినమ్ బీజాలను, అంటే ఆ సూక్ష్మజీవి వేడికి తట్టుకునే గట్టి రూపాలను, చంపాలి. దానికి 121 డిగ్రీల వేడి కావాలి. మూత లేని గిన్నెలో నీరు నూరు డిగ్రీలు దాటదు కాబట్టి ఇంటి మైక్రోవేవ్ ఎంతసేపు నడిచినా ఆ వేడి రాదు. ఇందులో మినహాయింపులు లేవు.

ఫ్యాక్టరీలు ఇదే పనిని వేరే ఏర్పాటుతో సాధిస్తున్నాయి. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో జూమింగ్ టాంగ్ బృందం అభివృద్ధి చేసిన పద్ధతిలో, సీలు వేసిన ఆహారపు ప్యాకెట్లను ఒత్తిడి కింద ఉన్న వేడి నీటిలో ముంచి, 915 మెగాహెర్ట్జ్ తరంగాలను పంపిస్తారు. ఇంటి ఓవెన్ తరంగాల కంటే ఇవి పొడవైనవి కాబట్టి లోతుకు వెళతాయి. చుట్టూ ఉన్న నీరు అంచులను, తరంగాలు మధ్య భాగాన్ని ఒకేసారి వేడెక్కించడం వల్ల మామూలు రిటార్టులో (సీలు వేసిన ఆహారాన్ని ఒత్తిడి కింద ఉడికించే పెద్ద పాత్రలో) కన్నా చాలా తక్కువ సమయంలో పని ముగిసి రుచి, రంగు మిగులుతాయి. ఈ పద్ధతికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆమోదం 2009లో లభించింది. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే టాటా స్మార్ట్‌ఫుడ్జ్ సంస్థ ఈ సాంకేతికతతో తయారు భోజనాల కర్మాగారం పెట్టింది. అక్కడ కూడా ప్రతి ఆహారానికీ చల్లటి చోటు ఎక్కడ ఏర్పడుతుందో ముందుగా పరీక్షించి తేల్చుకున్న తర్వాతే తయారీకి దిగుతారు.

మిగిలిన ఆహారాన్ని మళ్లీ వేడి చేసేటప్పుడు చల్లటి చోట కూడా 74 డిగ్రీలు దాటాలి. అయితే వేసవిలో రాత్రంతా బయట ఉండిపోయిన అన్నాన్ని మైక్రోవేవ్‌లో ఎంత కాచినా లాభం లేదు. అందులో పెరిగిన బాసిల్లస్ సీరియస్ సూక్ష్మజీవి చచ్చినా, అది వదిలిన విషం వేడికి విరగదు.

నిల్వ, పరిశీలన

ప్రతి సంచి మీదా, సీసా మీదా పదార్థం పేరు, తేదీ, నిమ్మ ఉప్పు కలిపారా లేదా అన్నది రాయాలి. ఫ్రీజర్‌ను మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంచితే టమోటా, మామిడి గుజ్జులు మరుసటి పంట దాకా బాగుంటాయి. మూత ఉబ్బిన, తెరవగానే చిమ్మిన, వాసన మారిన సీసాను రుచి చూడకుండా పారేయాలి. గడ్డకట్టిన గుజ్జును మైక్రోవేవ్‌లో కరిగించేటప్పుడు తక్కువ శక్తినే వాడాలి. మంచు ఈ తరంగాలను అంతగా పీల్చుకోదు గానీ కరిగిన నీరు వెంటనే పీల్చుకుంటుంది కాబట్టి, పూర్తి శక్తి పెడితే ఒక మూల మరుగుతుండగా మరో మూల రాయిలా ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తెరవకపోతే, నిండుగా ఉన్నది సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. ఆలోగా కరెంటు వచ్చి, సంచిలో ఇంకా మంచు పలుకులు కనిపిస్తుంటే గుజ్జును తిరిగి గడ్డకట్టించవచ్చు. పూర్తిగా కరిగినా చేతికి ఇంకా చల్లగానే తగులుతుంటే ఆ రోజే కూరలోకి వాడుకోవాలి, వెచ్చబడిందనిపిస్తే పారేయాలి.